తోడికోడలికి చెప్పిన ఎత్తు

ఆవిడను అందరూ ఓర్పుగల మనిషి అంటారు. వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పదకొండేళ్ళుగా ఒకే వంటింట్లో ఆవిడతో మసులుతున్న నాకు తెలియని ఓర్పా అది? మా బావగారి భార్య ఆవిడ, నాకు తోడికోడలు. నేను అక్కా అని పిలుస్తాను, ఆవిడ నన్ను అమ్మాయ్ అంటుంది. ఓర్పు ఉన్నవాళ్ళు మరిచిపోతారు. అక్క ఏదీ మరిచిపోదు. నేను కాపురానికొచ్చిన మొదటి వారంలో ఆవిడ దువ్వెన పళ్ళు రెండు విరగ్గొట్టాను. మొన్నీమధ్య నేను కొత్త దువ్వెన తెచ్చుకుంటే, "జాగ్రత్త, నీ చేతిలో దువ్వెనలు నిలవవు" అంది. పదకొండేళ్ళ తరవాత.

మేమిద్దరం ఒకే లాండ్రీలో పనిచేస్తాం. లాండ్రీ అంటే వీధి చివర చొక్కాలు ఇస్త్రీ చేసే కొట్టు కాదు. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు లారీల్లో వచ్చి లారీల్లో వెళ్ళే పెద్ద షెడ్డు. దాని మధ్య నేల మీద ఒక పసుపు గీత ఉంది. గీతకు ఇవతలిది తడివైపు. ఆరు పెద్ద యంత్రాలు, సోడా డ్రమ్ములు, ఎంత ఊడ్చినా పోని నీళ్ళు. అవతలిది పొడివైపు. ఆరబెట్టే యంత్రాలు, ఇస్త్రీ రోలర్లు, మడతల బల్లలు, వాటి పక్కన కిటికీలు. తడివైపు చేసేవాళ్ళను చేతులు చూసి చెప్పేయొచ్చు. ఎన్ని గ్లవుజులు తొడుక్కున్నా సోడానీళ్ళు ఎక్కడో ఒకచోట దారి చేసుకుంటాయి. వేళ్ళ సందుల్లో చర్మం పగిలిపోతుంది. ఇంటికెళ్ళి గిన్నె తోమాలంటే ప్రాణం పోతుంది.

అక్క పద్నాలుగేళ్ళ నుంచీ తడివైపే. నేను నాలుగేళ్ళు అక్కడ చేసి పొడివైపుకు మారాను. ఎలా మారానన్నదే ఈ గొడవంతా.

అప్పట్లో మా దగ్గర లారీ ఎప్పుడొస్తే అప్పుడు, ఏ మూట చేతికందితే అది యంత్రంలో పడేసేవాళ్ళం. దాంతో ఆరబెట్టే యంత్రాలు ఒక గంట ఖాళీగా ఉండేవి, మరుగంటలో మూడు లోడ్లు ఒక్కసారిగా మీద పడేవి. తడి దుప్పట్లు గుట్టలుగా పడి ముక్కవాసన కొట్టేవి, వాటిని మళ్ళీ ఉతికేవాళ్ళం. అక్కకు చిరాకేసింది. పిల్లల పాత నోటుపుస్తకం ఒకటి తీసుకుని మూడు నెలలపాటు రాసింది. ఏ లారీ ఎన్నింటికొస్తుంది, ఏ మూట ఎంత బరువు, తువ్వాలు ఆరడానికి ఎంత సేపు, దిండు గలీబు ఆరడానికి ఎంత సేపు. అన్నీ కలిపి చివరికి ఒక చార్టు గీసింది. ఏ రోజు, ఏ గంటకు, ఏ మూట, ఏ యంత్రంలోకి వెళ్ళాలో అందులో ఉంది. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి గీసిందంటే ఎవరూ నమ్మరు. శుభ్రంగా తిరగరాసి మా ఓనరమ్మకు ఇద్దామని వంటింటి అలమరలో, అరలో పరిచిన కాగితం కింద దాచుకుంది.

ఆ చార్టులో గురువారం పది నుంచి పదకొండు దాకా నాలుగో నంబరు యంత్రం ఖాళీ. ఆవిడ రాసుకునే రోజుల్లో దాని తలుపు రబ్బరు కారుతుంటే, మెకానిక్ గురువారం ఆ గంటలోనే వచ్చి చూసేవాడు. అందుకని అలా రాసింది.

ఓ సోమవారం మేం పనికెళ్ళేసరికి ఆ చార్టు అద్దాల చట్రంలో గోడకు వేలాడుతోంది. చక్కగా టైపు చేసి, కింద ఇంకొకాయన పేరు పెట్టి. ఆయన అప్పటికి మాతోపాటే మూటలు మోసేవాడు. ఆ వారం నుంచి సూపర్‌వైజర్ అయ్యాడు. యంత్రాల రొదలో మాట వినపడదని మెడలో ఈల వేసుకుని, దాన్ని ఊది మనుషుల్ని పిలవడం మొదలుపెట్టాడు. అప్పట్నుంచి ఆయన మాకు ఈలాయన. చార్టులో గురువారం నాలుగో యంత్రం ఖాళీగానే ఉంది. అప్పటికి రబ్బరు మార్చి నెల దాటింది. ఎందుకు ఖాళీగా ఉంచాలో ఆయనకు తెలియదు, ఐనా ప్రతి గురువారం దాన్ని గంటసేపు ఆపి పెట్టేవాడు. అక్క దాని ముందు నిలబడి చూసేది.

ఆ కాగితం అలమరలోంచి తీసి ఆయన చేతికిచ్చింది నేనే.

ఇంక తిట్టుకోండి. కానీ నా మాటా వినండి. పొడివైపు ఒక చోటు ఖాళీ అవుతోందని ఈలాయనకు ముందే తెలిసింది. "మీ అక్క ఏదో రాస్తోందటగా, ఒకసారి చూపించు, నీ సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. అప్పటికి నా చేతులు ఎలా ఉండేవంటే జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోయేదాన్ని. పైగా ఇంట్లో పొద్దున లేస్తే మా అత్తగారి నోట పెద్దకోడలు ఇలా, పెద్దకోడలు అలా అన్న పాటే. చూసి ఇచ్చేస్తాడనుకున్నాను. ఇచ్చేశాడు కూడా, మర్నాడే. నేను దాన్ని మళ్ళీ అలమరలో పెట్టేశాను. వారం తిరక్కుండా నన్ను కిటికీ పక్క మడతల బల్ల దగ్గర వేశారు. అక్క ఆ రోజు నన్ను చూసి, "మంచిదేలే, నీ చేతులు బాగుపడతాయి" అంది. అంతే. ఆ మాటతో నా గుండెల మీంచి బరువు దిగిపోయింది. ఆవిడకేమీ తెలియదనుకున్నాను.

ఇప్పుడు లీగు సంగతి చెప్పాలి. ఒకప్పుడు ఫ్యాను ఎవరివైపు తిరగాలన్న దాని మీద ఇద్దరు ట్రాలీలతో కొట్టుకున్నారు. ఓనరమ్మ పైనున్న అద్దాల గదిలోంచి దిగొచ్చి, ఈ షెడ్డులో ఇకమీద చెయ్యెత్తినవాళ్ళు ఇంటికే, మీ పౌరుషాలు మీ ఫోన్లలో చూపించుకోండి అని చెప్పి వెళ్ళింది. అప్పటికే కొందరు ఫోనులో ఫుట్‌బాల్ జట్టు నడిపే ఆట ఆడేవాళ్ళు. అందులో బంతి మనం తన్నం. జట్టును ఎలా నిలబెట్టాలో చెప్పి ఊరుకోవడమే. వెనక ఎంతమంది, ముందు ఎంతమంది, బంతిని మధ్యలోంచి తీసుకెళ్ళాలా పక్కల నుంచా, మీదపడి ఆడాలా కాచుకుని కూర్చోవాలా. ఒంటిగంటకు తాళం పడుతుంది, ఇంక మార్చలేం. ఒంటిగంటంపావుకు ఆట మొదలై, తొంభై నిమిషాలదీ పావుగంటలో నిమిషం నిమిషం రాతలో వచ్చేస్తుంది. ఎదుటివాడు ఏం పెట్టాడో ఆట అయ్యేదాకా కనపడదు. పదిమందితో లీగు పెట్టుకున్నారు. మొదటి ఇద్దరికి ఫైనలు.

ఫైనల్లో గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళను ఒక్క పని అడగొచ్చు. దాన్ని గెలిచినవాళ్ళ మాట అంటారు. అక్కడికక్కడే, భోజనాల గంట ముగిసేలోగా, అందరి ముందూ జరిగిపోవాలి. కాదనడానికి లేదు. ఒకడు కాదన్నాడు. మూడు నెలలపాటు ఎవరూ అతనితో మాట్లాడలేదు, అతనే పని మానేసి పోయాడు. ఈలాయన వరసగా మూడుసార్లు గెలిచాడు. మూడోసారి ఇస్త్రీ రోలరు దగ్గరుండే తాతను మడతల బల్ల ఎక్కించి, "ఈయన లేకపోతే ఈ లాండ్రీ లేదు" అని పదిసార్లు చెప్పించాడు. తాతకు అరవై దాటాయి. ఎక్కడానికి ఇద్దరు చెయ్యి పట్టుకోవలసి వచ్చింది. ఆ రోజు అక్క ముద్ద సగంలో ఆపి డబ్బా మూత పెట్టేసింది.

మర్నాడు లీగులో చేరింది.

ఫుట్‌బాల్ అంటే అక్కకు ఓనమాలు తెలియవు. బావగారు ఫోనులో ఆట ఎక్కించి, ఇది గోలు, ఇది ఆఫ్‌సైడ్ అని ఒక ఆదివారమంతా చెప్పారు. చేరిన మొదటి లీగులో ఆవిడ అందరికంటే అడుగున ఉంది. ఈలాయన చేతిలో ఏడు-సున్నా. "ఏమ్మా, గోల్‌కీపరును కూడా బట్టలుతకడానికి పంపావా?" అన్నాడాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చెయ్యను, నవ్వొచ్చింది. అక్క నోటుపుస్తకం తీసి ఏదో రాసుకుంది.

నేను ఓరోజు ఆ పుస్తకం తెరిచి చూశాను. ఆట గురించి అందులో పెద్దగా ఏమీ లేదు. ఉన్నదంతా ఆడేవాళ్ళ గురించే. ప్రతి ఆటా అయ్యాక ఎవరు ఏం పెట్టారో కనపడుతుంది కదా, అది తొమ్మిదిమందికీ రోజూ రాసుకుంది. తాత ఒకరోజు ఓడితే మర్నాడు కోపంతో అందరినీ ముందుకు తోసేస్తాడు. లారీ డ్రైవరు సోమవారాలు మార్చడం మరిచిపోతాడు. లెక్కల గుమాస్తా ఎవరు ఏది పొగిడితే అది పెడతాడు. ఈలాయన పేజీలో మాత్రం ఒకే ఒక్క వరస ఉంది. నాలుగు-నాలుగు-రెండు (వెనక నలుగురు, మధ్యలో నలుగురు, ముందు ఇద్దరు), గట్టి కాపలా, ఒక్క గోలు కొట్టి తలుపేసుకుంటాడు, ఎప్పుడూ మార్చడు. దాని కింద అక్క రాసింది: "సొంతంగా ఏదీ ఆలోచించడు. ఎవరైనా చెబితేనే మారుస్తాడు."

రెండో లీగు మొదలయ్యే రోజు, భోజనాల బల్ల దగ్గర అందరూ ఉండగా లేచి నిలబడింది. "నేను గెలిస్తే ఏమడుగుతానో ఇప్పుడే చెబుతున్నా. ఆ గోడమీది చార్టు ఎవరిదో, అది ఈయన చేతికి ఎలా వచ్చిందో, ఈయన బల్లెక్కి చెప్పాలి. రెండూ చెప్పాలి."

ఈలాయన నవ్వాడు. "ముందు గెలువమ్మా" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను నా డబ్బా మూత వెతుక్కుంటూ బల్ల కిందికి వంగాను. మూత నా చేతిలోనే ఉంది.

ఆ నెలన్నర నేను పడ్డ నరకం ఎవరికి చెప్పుకోను? ఆవిడ గెలుస్తోంది. రోజూ బస్సులో నా పక్కన కూర్చుని జట్టు పెట్టుకునేది. ఆటగాళ్ళకు మా వాళ్ళ పేర్లే పెట్టుకుంది. గోల్‌కీపరు మా అత్తగారు, ఎందుకంటే ఎవరినీ లోపలికి రానివ్వదు. వెనక కాపలా బావగారు, నిలబెట్టిన చోటి నుంచి కదలరు. కుడిపక్క పరిగెత్తేదాన్ని నేనట. "ఎందుకక్కా?" అంటే, "నువ్వు బాగా పరిగెడతావు. బంతి ఎవరికిస్తావో ఆ దేవుడికే తెలియాలి" అంది. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే నా నవ్వు నాకే వెటకారంగా వినపడుతుంది.

డ్రైవరు మీద మూడు, గుమాస్తా మీద నాలుగు, తాత మీద రెండు. ఈలాయనతో మాత్రం రెండుసార్లు ఆడి రెండుసార్లూ ఒకటి-సున్నా ఓడింది. ఆయన తలుపు ఆవిడకు తెరుచుకోవడం లేదు. ఐనా రెండో స్థానంలో నిలిచి ఫైనలుకు వచ్చేసింది. శనివారం ఆట.

గురువారం ఈలాయన ఈల ఊది నన్ను సోడా డ్రమ్ముల గదిలోకి పిలిచాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"చూడమ్మా, మీ అక్క గెలిస్తే నేను బల్లెక్కాలి. ఎక్కితే రెండూ చెప్పాలి. మొదటిది చెబితే నా ఉద్యోగం పోతుంది. రెండోది చెబితే నీ కాపురం ఏమవుతుందో నువ్వే చూసుకో."

"మీరు చూసి ఇచ్చేస్తానన్నారు."

"ఇచ్చేశాను కదా." నవ్వాడు, దొంగసచ్చినోడు. "ఆవిడ శనివారం ఏం పెడుతోందో కనుక్కుని చెప్పు. నేను గెలుస్తాను. ఎవరూ నోరు తెరవక్కర్లేదు. నీకూ మంచిదే, నాకూ మంచిదే."

అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. చెప్పకపోతే నేను బజారున పడతాను. చెబితే ఆవిడ రెండోసారి మునుగుతుంది. నేను ఆ రోజు మడత పెట్టిన దుప్పట్లు సగం వంకరగా వచ్చాయని తిరిగి నా బల్ల మీదకే వచ్చాయి.

నేనేం అడగలేదు. అది మాత్రం నిజం. శుక్రవారం సాయంత్రం వంటింట్లో కూరగాయలు తరుగుతూ అక్కే మొదలుపెట్టింది. ఆవిడ వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుని ఉంది, కత్తి పట్టు దొరక్క ఒక్కో ముక్క నెమ్మదిగా కోస్తోంది.

"అమ్మాయ్, రేపటి సంగతి చెబుతా విను. వెనక ఐదుగురిని పెడతా. ఎవరినీ ముందుకు పంపను. గోలు కొట్టను, కొట్టనివ్వను. పెనాల్టీల దాకా లాగితే అదృష్టం ఎవరిదైతే వాళ్ళదే."

"బావుందక్కా" అన్నాను.

"మీ బావగారికి కూడా చెప్పలేదు. ఎవ్వరికీ చెప్పలేదు. నీకొక్కదానికే."

ఆ చివరి మాట ఎందుకన్నావమ్మా అని ఇప్పటికీ లోపల్లోపల అడుగుతుంటాను. ఆ రాత్రి పక్క మీద లెక్కలు వేసుకున్నాను. చెబితే ఏమవుతుంది? ఒక ఆట ఓడిపోతుంది, అంతే కదా. ఆటే కదా. వచ్చే లీగులో గెలుచుకోవచ్చు. చార్టు పోయి రెండేళ్ళయింది, ఇంకో రెండు నెలలు ఆగితే ఏం కొంపలు మునుగుతాయి? ఇంట్లో చిచ్చు రాకుండా ఉండాలంటే ఎవరో ఒకరు నోరు విప్పాలి. ఇలా నాకు నేనే సర్ది చెప్పుకుని, ఇంటి బాగు కోసం చేస్తున్నానని కూడా అనుకున్నాను. మనిషి తనకు తాను చెప్పుకునే అబద్ధాలకు అంతుండదు.

శనివారం పదకొండింటికి ట్రాలీ తోసుకుంటూ వెళ్ళి ఈలాయన చెవిన వేశాను. ఐదుగురు వెనక, కాచుకుని కూర్చుంటుంది, పెనాల్టీలు. ఆయన కళ్ళు మెరిశాయి. అలాంటి జట్టును పగలగొట్టాలంటే అందరినీ ముందుకు తోయాలని ఆ ఆట ఆడే చిన్నపిల్లాడికైనా తెలుసు. నలుగురు ముందు, వెనక కాపలావాళ్ళను మధ్యగీత దాకా తీసుకొచ్చి, బంతి వేయకముందే వాళ్ళను దాటినవాడు తప్పులో పడేలా ఆఫ్‌సైడ్ వల పన్నాలి. ఇన్ని లీగుల్లో ఎన్నడూ తలుపు తీయని మనిషి ఆ రోజు తలుపులు, కిటికీలు అన్నీ తీసి పెట్టాడు.

ఒంటిగంటంపావుకు అందరం బల్ల చుట్టూ చేరాం. తాత ఫోను పెద్దది కాబట్టి ఆయనే చదవాలి. అద్దాల గదిలోంచి ఓనరమ్మ కూడా దిగొచ్చి మెట్ల మీద నిలబడింది. ఈలాయన కాలు మీద కాలేసుకుని టీ తాగుతున్నాడు.

"ఆరో నిమిషం" అని చదివాడు తాత. "వెనక నుంచి పొడుగు పాసు. ముందు ఎవరూ లేరు. గోలు." కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఉతుకుడు జట్టుది."

అక్క జట్టు పేరే అది. ఈలాయన టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"పదిహేడో నిమిషం. మళ్ళీ పొడుగు పాసు. ఆఫ్‌సైడ్ వల తప్పింది. గోలు. ఉతుకుడు జట్టుదే."

ఐదుగురు వెనక ఎక్కడ? కాచుకోవడం ఎక్కడ? అక్క ముగ్గురు పరుగుగాళ్ళను ముందు వదిలేసి, వెనక నుంచి ఎదుటి కాపలావాళ్ళ నెత్తి మీదుగా బంతి వేయిస్తోంది. ఈలాయన మైదానం సగం ఖాళీగా వదిలేశాడు. ఆ ఖాళీలో ఆవిడ మనుషులు పరిగెడుతున్నారు. ముప్పై రెండో నిమిషం ఇంకోటి. నలభై నాలుగో నిమిషం ఇంకోటి. మధ్యలో ఈలాయనకూ ఒకటి పడింది కానీ ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఐదు-ఒకటి. డ్రైవరు బల్ల మీద రెండు చేతులతో దరువు వేశాడు. తాత నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

అక్క నవ్వలేదు. డబ్బా కడుక్కుని, చేతులు తుడుచుకుని వచ్చి, "ఎక్కండి" అంది.

ఈలాయన అటూ ఇటూ చూశాడు. మెట్ల మీద ఓనరమ్మను చూశాడు. మూడు నెలలు ఎవరూ మాట్లాడని మనిషి సంగతి గుర్తొచ్చి ఉంటుంది. ఎక్కాడు. ఆయనకు ఎవరూ చెయ్యి అందించలేదు.

"చార్టు... ఈవిడదే" అన్నాడు. నేలను చూస్తూ.

"వినపడలేదు" అన్నాడు తాత.

"ఈవిడదే. ఈవిడ రాసిందే. నేను టైపు చేయించుకున్నాను."

"రెండోది" అంది అక్క.

నేను లేచి వెళ్ళిపోదామనుకున్నాను. లేచేలోపే ఈలాయన చెయ్యెత్తి నన్ను చూపించాడు. పేరు కూడా చెప్పలేదు. చెప్పే అవసరం లేకపోయింది. పొడివైపువాళ్ళు, తడివైపువాళ్ళు, గుమాస్తా, మెట్ల మీద ఓనరమ్మ, అందరి కళ్ళూ నా మీదే. నేను అక్క మొహంలోకి చూశాను. అందులో ఆశ్చర్యం లేదు. కోపమైనా ఉంటే బతికిపోయేదాన్ని.

"అక్కా, ఇంట్లో గొడవ వద్దని..." అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా. "నీకు ముందే తెలుసా?"

"కాగితం పోయిన వారంలోనే నువ్వు పొడివైపుకొచ్చావు. అలమరలో కాగితం తిరగేసి పెట్టావు. నాకు తెలియదా?" గొంతు పెంచలేదు. అక్కడున్న అందరికీ వినపడింది. "సాక్ష్యం లేదంతే. అందుకని నీకొక్కదానికే చెప్పాను."

"ఒకవేళ నేను చెప్పకపోయి ఉంటే?"

"ఓడిపోయేదాన్ని. ఆయన ఎప్పటిలా తలుపేసుకుని కూర్చుంటే నా ముగ్గురూ పనికి రారు. వెనక నాకు కాపలా కూడా లేదు." తన డబ్బా సంచిలో పెట్టుకుంది. "నువ్వు చెబుతావనే పందెం కాశాను అమ్మాయ్. ఒక్కసారి నోరు మూసుకుని ఉంటే ఓడినా సంతోషించేదాన్ని."

తిట్టినా బాగుండేది. నేనూ నాలుగు తిట్టి, పెద్దకోడలివని విర్రవీగావు కదా అని ఆవిడ మీద పడేదాన్ని. నాకు ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

సోమవారం ఓనరమ్మ చార్టు కింది పేరు మార్పించింది. పనుల జాబితా రాయడం అక్క చేతికి వచ్చింది. ఈలాయన ఈల తీసేసి తడివైపు నాలుగో యంత్రం దగ్గరికి వెళ్ళాడు. గురువారం పదింటికి దాన్ని ఆపబోతే అక్క వచ్చి, "ఎందుకు ఆపుతున్నారు?" అని అడిగిందట. ఆయన గోడమీది చార్టు వైపు చూశాడట. ఇప్పటికి ఆయన వేళ్ళ సందులు పగలడం మొదలైంది. చూస్తే నాకు జాలి వేయదు.

నా పేరు కూడా తడివైపే ఉంటుందని అందరూ అనుకున్నారు. నేనూ గ్లవుజులు పట్టుకునే వెళ్ళాను. జాబితాలో నా పేరు మడతల బల్ల దగ్గరే, కిటికీ పక్కనే ఉంది. ఇంట్లో ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. బావగారికీ లేదు, మా అత్తగారికీ లేదు. ఇద్దరూ ఒకే సీట్లో కూర్చుని పనికెళతారు, తోడికోడళ్ళంటే మా కోడళ్ళే అని మా అత్తగారు పొరుగింటావిడతో చెప్పుకుని మురిసిపోతోంది.

కొత్త లీగు మొదలై తొమ్మిది ఆటలయ్యాయి. రోజూ పొద్దున బస్సులో అక్క నా పక్కన కూర్చుని, ఆ రోజు ఏం పెడుతోందో పూసగుచ్చినట్టు చెబుతుంది. నేను అడగను. వద్దక్కా అన్నా ఆగదు. వెనక ఎంతమంది, ముందు ఎంతమంది, ఏ పక్క నుంచి. మొదటి రోజు అబద్ధమే అనుకున్నాను. ఒంటిగంటంపావుకు చూస్తే చెప్పింది చెప్పినట్టే ఆడింది. రెండో రోజూ అంతే. తొమ్మిది రోజుల్లో ఒక్క అబద్ధం లేదు.

ఆరు గెలిచింది, మూడు ఓడింది. ఓడిన మూడు రోజులూ బల్ల దగ్గర అందరి తలలూ నావైపు తిరిగాయి. తాత నాతో మాట్లాడటం మానేశాడు. డ్రైవరు నా ముందు ఫోను జేబులో పెట్టేసుకుంటాడు. నేను ఎవరికీ చెప్పలేదు. మా పిల్లల మీద ఒట్టు, ఒక్క అక్షరం బయట పెట్టలేదు.

నిన్న మూడోసారి ఓడినప్పుడు ఇక ఉండబట్టలేక, బస్సు దిగుతూ ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "అక్కా, నేను చెప్పలేదు. నిజంగా చెప్పలేదు."

"తెలుసు అమ్మాయ్" అంది. నా చెయ్యి మెల్లగా విడిపించుకుని సంచి భుజాన వేసుకుంది. "రేపు నాలుగు-మూడు-మూడు. ఎడమపక్క నుంచి."